బళ్లారి సీమలో వీథిబడి చదువు

1822లో చెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలల లెక్కలు పంపవలసినదిగా జిల్లా కలెక్టరుల నాజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో సమాధానము పంపెను. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించినవాడీతడే. అంకెలతో తృప్తిపడక, చదువు చెప్పు తీరును కూడ ఈతడు వివరించెను.

జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. కన్నడపు బడులు 235, తెలుగువి 226, సంస్కృతము 23, మరాఠీ 23, పారసీ 21, అరవము 4, ఇంగ్లీషు 1. కూడి చూచితిని, సరిపోయినది. అయితే నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురపు సీమయు, ఆదోనియు చేరియుండెను. కావున 226 బడులును ఇప్పటి బళ్లారివే యని చెప్పుకొనుట న్యాయము కాదు. విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే.

బడికొక్కింటికి సగటున పండ్రెండుగురు. ఉదయము మొదట వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. ఈ లెక్కన పండ్రెండవవానికి పది! పిల్లలను సామాన్యముగా నాలుగు తరగతులు చేసి, చిన్నవారిని పెద్ద విద్యార్థుల కప్పగించి, పంతులు పై తరగతులకు చెప్పుచు బడినంతటిని కనిపెట్టుచుండెను. అక్షరములను ముందు ఇసుకలో వ్రేలితో దిద్దింతురు. చేయి తిరిగిన పిమ్మట తాటియాకు, గంటము. లేదా బొగ్గుపూత పూసిన గుడ్డ కడితము, బలపము.

వీథిబడులలో గుణింతమును అందరును కలిసి వల్లించుట మన పెద్దలెరిగినదే. తలకట్టు, దీర్ఘము, గుడి, కొమ్ము అని ప్రతి గుర్తుకును ఒక పేరు. ఒకడు గుర్తు పేరు పలికి, దానిచే కలుగు ధ్వనిని చెప్పును, తక్కినవారందుకొందురు. వెనుకబడినవాడు ప్రక్కవాని గొంతు పట్టుకొని నడచును, సిగ్గుపడు పని లేదు. ఈ విధానములో నాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

అంతకు పూర్వమే, 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన ఆశ్రమమున ప్రవేశపెట్టెను. పిల్లలచేతనే పిల్లలకు చెప్పించెను. 1797లో దానిపై గ్రంథము ప్రకటింపగా, ఇంగ్లండున అది మద్రాసు పద్ధతి యని పేరొందెను. ఆ అనుకరణ తగినదేయని కాంబెల్ మెచ్చుకొనెను.

మెచ్చుకొనినవాడే దూషించెను. బాలురు పద్యములు వందలు అప్పగింతురు గాని, అర్థము చిలుకకు తెలిసినంతయే యని ఆతని ఆక్షేపణ. కారణమును కూడ చెప్పెను: చదువు పద్యముల భాష వేరు, ఇంట మాటలాడు భాష వేరు. మన అభిమానమునకు కష్టమైనను ఇది నిజము.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఇక్కడి మన మనుమలనేకులు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. అయితే కన్నడము నేర్చిన పిల్లవానికి అక్షరముల వరుస మనదే. రూపములలో అనేకము తలకట్టు తేడాతో పోల్చుకొనదగినవి. సాయంకాలము నలుగురైదుగురిని అరుగుపై కూర్చుండబెట్టి కలిసి పలికించిన, గుణింతమునకు ఎక్కువ కాలము పట్టదు. పిదప పద్యముల జోలికి పోక, అమ్మమ్మ చెప్పు కథనే పలకపై నాలుగు పంక్తులు వ్రాసి చదివింపవలెను. కథ ముందే తెలిసియుండును గనుక ఏ మాట ఎక్కడ వచ్చునో పిల్లలే వెదకికొందురు.