భీమవరంలో కచేరీల విస్తరణ – వసతి, వ్యయం

పాలనా చరిత్రను చట్టాలు, పదవుల ఆధారంగా పరిశీలించడం పరిపాటి. కార్యాలయ వసతి, దాని వ్యయం ఆ చరిత్రలో మరుగున పడతాయి. భీమవరం ఆధారంగా ఈ రెండింటినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గోదావరి జిల్లాలోని భీమవరం తాలూకా 1904లో కృష్ణా జిల్లాలోకి, 1925లో ఏలూరు కేంద్రంగా ఏర్పడిన పశ్చిమ గోదావరిలోకి చేరింది. జిల్లా మారినా గ్రామంలో కచేరీ మారలేదు. కరణం ఇల్లే కచేరీ. సర్కారు పద్దులో దానికి అద్దె లేదు. ఆ వసతికి ప్రతిఫలంగా కరణానికి దస్త్రాలపై పట్టు దక్కింది. రైతు తన భూమి వివరం కోసం ఆ అరుగు ముందే నిలబడవలసి వచ్చేది.

1984లో వంశపారంపర్య గ్రామాధికారాలు రద్దయ్యాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి; ఒక్క కచేరీ పని పలు కార్యాలయాలకు చేరింది. 2019 అక్టోబరు 2న ఆరంభమైన గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థలో రాష్ట్రమంతటా 15,004 కార్యాలయాలు ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 కాగా, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది. 97 ఏళ్లుగా ఏలూరులో సమకూరిన జిల్లా భవనాలు ఏలూరు జిల్లాకే మిగిలాయి. వరిచేలు, చేపల చెరువుల నడుమనున్న భీమవరంలో కొత్త వసతికి స్థలసేకరణతోపాటు పల్లపు నేలను మెరక చేసే ఖర్చూ తప్పదు.

కాబట్టి వ్యయం పెరిగిందనడం సగం సత్యమే. ఒకప్పుడు రైతు పరాధీనతగా చెల్లించిన మూల్యం నేడు బడ్జెట్ పద్దుగా బయటపడింది. పద్దుకెక్కిన ఖర్చును పౌరుడు ప్రశ్నించగలడు. భవనాలు పెరిగిన మేరకు రైతు తిరుగుడు తగ్గిందా అన్నదే ఆ ప్రశ్న కావాలి.