య, వ, బ, భ, మ...

మన పిల్లలు హల్లులు అప్పజెప్పాలంటే 'క, ఖ, గ, ఘ' అని ఎత్తుకుంటారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల పేరు మోస్తున్న గోండి లిపిలో వరస వేరు. య, వ, బ, భ, మ... అలా సాగి, చివర్న హ, ర, స దగ్గర ఆగుతుంది. కంప్యూటర్లకు, ఫోన్లకు అక్షరాలు నేర్పే యూనికోడ్ పట్టికలో కూడా ఈ లిపి హల్లులు 'య'తోనే మొదలవుతాయి. ఆ వరసను అలాగే ఉంచారు. అక్కడిదాకా ఆ అక్షరాలు ఎలా వెళ్లాయన్నదే ఈ కథ.

1940ల్లో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు కొండల్లోని మార్లవాయిలో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు పిల్లలకు బడులు పెట్టించాడు. గోండి వాచకాలు నాగరి లిపిలో అచ్చయ్యాయి. గోండికి సొంత లిపి ఉందన్న సంగతి ఆ వాచకాల లెక్కలో లేదు. గుంజాలలో మాత్రం పాత రాతప్రతులు ఉండనే ఉన్నాయి. ఆ తర్వాత చాలా ఏళ్లకు హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వచ్చి వాటిని వెలుగులోకి తెచ్చింది. ఓ డజను దాకా ప్రతులు. వారాలు, నెలలు, పండుగలు, అంకెలు, గోండు రాజుల సంగతులు. 1750 ప్రాంతానివని పండితుల అంచనా. వాటిని గడగడా చదవగలిగినవాళ్లు ఊళ్లో కొద్దిమంది పెద్దలే మిగిలారు.

2014 మొదట్లో లిపిని, దానికో తొలి ఫాంటును లోకానికి చూపించారు. పత్రికలు రాశాయి. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది.

ఉట్నూరులో ఓ డీటీపీ షాపు అనుకుందాం. దండారీ పండుగకు కరపత్రం వెయ్యాలి. కుర్రాడు కొత్త ఫాంటుతో గోండి అక్షరాల్లో టైపు చేసి ఆదిలాబాద్ ప్రెస్సుకు మెయిలు కొట్టాడు. పది నిమిషాల్లో అక్కణ్నుంచి ఫోను.

"అన్నా, ఫైలు ఖరాబైనట్టుంది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లే కనబడుతున్నయి."

"ఫైలు మంచిగనే ఉంది తమ్మీ. నీ సిస్టంల ఫాంటు లేదు."

ఈ సన్నివేశం నేను అల్లింది. చిక్కు మాత్రం అల్లింది కాదు. యూనికోడ్‌లో చోటు లేని లిపికి ఫాంటు చేస్తే, ఇంగ్లీషు అక్షరానికి గోండి వేషం కట్టినట్టే. వేషం ఉన్న కంప్యూటర్‌లో గోండి, లేని చోట వట్టి 'కె', 'జడ్'. గూగుల్‌లో వెతికితే దొరకదు, వాట్సాప్‌లో పోదు, వెబ్‌సైట్‌లో నిలవదు.

తెలుగువాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. ఒకప్పుడు పేరున్న దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటుతో నడిచేవి. ఆ ఫాంటు దింపుకోకపోతే పేజీ నిండా చెత్త. దీనికి విరుగుడు ఏ పత్రిక నుంచీ రాలేదు, ఫైర్‌ఫాక్స్ చేసిన మొజిల్లా నుంచీ రాలేదు. వెన్న నాగార్జున అనే తెలుగు ప్రోగ్రామరు 'పద్మ' పేరుతో ఫైర్‌ఫాక్స్‌కు చిన్న జోడింపు రాశాడు. అది ఆ సొంత ఫాంటుల పాఠాన్ని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే. ఆ రెండు పనులకూ ఆయన ఎవరి కొలువులోనూ చేరక్కర్లేకపోయింది. ఎవరైనా వచ్చి చెయ్యి వేసే వీలు ఆ బ్రౌజర్లో ఉంది, ఆ విజ్ఞాన సర్వస్వంలోనూ ఉంది.

గుంజాల విషయంలో ఆ వీలు కాలిఫోర్నియాలో దొరికింది. యూనికోడ్ కన్సార్షియంలో ఓటు హక్కు కావాలంటే ఏటా వేల డాలర్ల చందా కట్టాలి. అందుకే అక్కడ కూర్చునేది ఎక్కువగా గూగుల్, ఆపిల్, మైక్రోసాఫ్ట్ లాంటివాళ్లు. కానీ 'ఫలానా లిపిని చేర్చండి' అని ప్రతిపాదన పంపడానికి పైసా అక్కర్లేదు, సభ్యత్వమూ అక్కర్లేదు. సాక్ష్యం కావాలి, అంతే. ఏ అక్షరం ఎలా ఉంటుంది, గుణింతం ఎటు తగులుతుంది, ఒత్తులెలా కలుస్తాయి, ఎవరు వాడుతున్నారు, రాతప్రతి నమూనా ఏది?

అదంతా కూర్చి 2015లో ప్రతిపాదన రాసినవాడు అన్షుమన్ పాండే. అప్పటికే అనేక భారతీయ లిపులను యూనికోడ్ గడప దాటించిన పరిశోధకుడు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డెబొరా ఆండర్సన్ 2002 నుంచి ఇలాంటి లిపుల కోసమే ఒక ప్రాజెక్టు నడుపుతూ వచ్చింది. రాతప్రతులు నార్నూర్ మండలంలో, ఫాంటు హైదరాబాద్‌లో, కమిటీ అమెరికాలో. అడిగినదానికల్లా జవాబు రాయడం, పట్టిక దిద్దడం, మళ్లీ పంపడం. సినిమా తీస్తే ఇంటర్వెల్ దాకా ప్రేక్షకుడు కూర్చోడు. కానీ అసలు పని అక్కడే జరిగింది.

2018 జూన్ 5న యూనికోడ్ 11.0 విడుదలైంది. కొత్త అక్షరాలు, గుర్తులు కలిపి 684. అందులో గుంజాల గోండివి 63: అచ్చులు 10, హల్లులు 30, గుణింతపు గుర్తులు 9, అంకెలు 10, సున్న, విసర్గ, విరామం, ఓంకారం. లోకమంతా మాట్లాడుకున్నది మాత్రం అదే విడుదలలో వచ్చిన 66 ఎమోజీల గురించి. మామిడిపండు బొమ్మ ఫోన్లలోకి వచ్చింది అప్పుడే. ఆ బొమ్మల కోసమే కంపెనీలు ఉరుకులు పరుగుల మీద కొత్త వెర్షన్‌కు మారతాయని నా అనుమానం. అదే నిజమైతే గుంజాల అక్షరాలు మామిడిపండు బండెక్కి ఊరేగినట్టే.

చోటు దొరికాక మిగతా పనులకు ఎవరినీ బతిమాలాల్సిన అవసరం లేకపోయింది. గూగుల్ నోటో కుటుంబంలో గుంజాల గోండి ఫాంటు వచ్చింది. దాని లైసెన్సు బహిరంగం. ఎవరైనా దింపుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చు. చదివేవాళ్ల ఫోన్లో ఫాంటు లేకపోయినా పేజీయే దాన్ని వెంట తెచ్చుకునే పద్ధతికి 2012లోనే వెబ్ ప్రమాణాల సంస్థ ముద్ర పడింది. కీబోర్డు చేద్దామనుకునే ఇంద్రవెల్లి కుర్రాడైనా, నిఘంటువు పెడదామనుకునే ఉట్నూరు టీచరైనా ఈ 63 అక్షరాల మీద నేరుగా పని మొదలుపెట్టవచ్చు.

అయితే పట్టికలో చోటిచ్చినంత మాత్రాన చదివేవాళ్లు పుట్టుకురారు. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. వాళ్లు తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో చెల్లాచెదురుగా ఉన్నారు. ఇక్కడివాళ్లకు బడిలో తెలుగు లిపి, అక్కడివాళ్లకు నాగరి. బాలాఘాట్ ప్రాంతపు మున్షీ మంగళ్ సింగ్ మసరామ్ 1918లో రూపొందించిన ఇంకో గోండి లిపి ఉంది. అది ఒక ఏడాది ముందే, 2017లో, యూనికోడ్‌కెక్కింది. ఏది అసలు గోండి లిపి అన్న తగువులో కమిటీ తలదూర్చలేదు. రెండింటికీ చెరో చోటిచ్చి ఊరుకుంది. నా లెక్కన అది సరైన పని. ఆ తీర్పు గోండులది.

గుంజాల పట్టికలో 'ఊ' తర్వాత ఒక గడి, 'ఐ' తర్వాత ఇంకో గడి ఖాళీగా ఉన్నాయి. సరిగ్గా మన హ్రస్వ ఎ, ఒ కూర్చునే చోట్లు. రాతప్రతుల్లో ఆ అక్షరాలు ఉన్నాయని గుంజాల పెద్దలు రేపెప్పుడైనా చూపిస్తే, నింపాల్సింది మళ్లీ అదే దరఖాస్తు.