600 ప్రాణాల ప్రశ్న

వింత జబ్బుకు 600 మంది చనిపోతారనుకుంటే ఏ పథకం మేలు? 1981లో మనస్తత్వవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ ప్రచురించిన ఈ ప్రశ్న హైదరాబాద్‌లో, చిన్న పనులకు డబ్బిచ్చే ఆన్‌లైన్ వేదిక మెకానికల్ టర్క్ తెరమీద నాకు ఎదురైంది. ‘200 మంది కచ్చితంగా బతుకుతారు’ అన్నప్పుడు వారి అధ్యయనంలోని విద్యార్థుల్లో నూటికి 72 మంది ఆ భరోసానే పట్టుకున్నారు. అదే లెక్కను మరో బృందానికి ‘400 మంది చనిపోతారు’ అని తిప్పి చెబితే, నూటికి 78 మంది అందరినీ కాపాడే అవకాశం మూడింట ఒక వంతే ఉన్న పథకానికి మొగ్గారు. ప్రాణాలు అవే కదా! తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

2005లో అమెజాన్ ఆ వేదిక తెరిచింది. 2010లో పరిశోధకుడు పావొలాచీ బృందం అక్కడ ఇదే ప్రశ్న అడిగితే పాత ధోరణే కనిపించింది. అప్పట్లో అక్కడి పనివాళ్లలో అమెరికన్ల తర్వాత భారతీయులే ఎక్కువ. చాలా సర్వేలకు కూలి సెంట్లలోనే ఉండేది. 2014లో మొదలైన ఇలాంటి మరో వేదిక ప్రొలిఫిక్ కనీస కూలి నియమం పెట్టింది. అది అన్నిచోట్లా రావాలి.