మోకాలూ – మొనగాడూ

మా తమ్ముడింట్లో ఆదివారం పెసరట్ల దగ్గర మొదలైన తగువు భోజనాల వేళకి కూడా తెగలేదంటే, ఏ ఆస్తి పంపకాల గొడవో అనుకుంటారు మీరు. కాదండీ. ఆ తగువంతా పుల్లెల గోపీచంద్ మోకాలి గురించి!

విశాఖపట్నం ఉక్కునగరం క్వార్టర్సులో వాళ్ల కాపురం. పదహారేళ్ల మా మేనకోడలు రెండు నెలల కిందట షటిల్ ఆడుతూ మోకాలు మెలిపెట్టుకుంది. ఇప్పుడు కట్టు విప్పారు. కొన్నాళ్లాగి నెమ్మదిగా మొదలుపెట్టవచ్చన్నారట డాక్టరుగారు. పిల్ల వచ్చే వారమే పోటీకి పోతానంటుంది. తండ్రి అసలు ఆటే వద్దంటాడు.

"గోపీచంద్ మోకాలు పాడయ్యాకే కదా ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు?" అంది పిల్ల.

"ఆ ఒక్కటే కదే గెలిచింది! దెబ్బలు తిన్నవాడన్న జాలితో ఆకాశానికెత్తేశారు. ప్రకాశ్ పదుకోన్ పక్కన కూర్చోబెట్టదగ్గవాడా?" అన్నాడు వాడు.

ఇద్దరూ నా వైపు తిరిగారు. బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి, ఎవరు ఎప్పుడేం చేశారన్న పేచీ వస్తే మా ఇంట్లో పంచాయితీ నా దగ్గరికే వస్తుంది.

తమ్ముడి మాట ముందు చూద్దాం. వాడి లెక్క తప్పు కాదు. ప్రకాశ్ పదుకోన్ 1971 నుంచి 1979 దాకా వరసగా తొమ్మిదేళ్లు జాతీయ చాంపియన్. 1978లో కామన్వెల్త్ స్వర్ణం. 1980లో డెన్మార్క్, స్వీడన్ టోర్నీలు గెలిచి, ఆ ఊపులోనే ఇండొనేషియాకి చెందిన లియెం స్వీ కింగ్‌ని 15-3, 15-10 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ తెచ్చాడు. ఆ మరుసటి ఏడాది మళ్లీ ఫైనలుకి వెళ్లాడు. 1983లో ప్రపంచ పోటీల్లో కాంస్యం. ఏ ఏడు చూసినా ఏదో ఒక కాపు కనిపించే కొబ్బరిచెట్టు ఆయన.

మరి గోపీచంద్? 1996 నుంచి 2000 దాకా వరసగా ఐదుసార్లు జాతీయ చాంపియన్. 1998 కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇండొనేషియా ఆటగాడు హెంద్రావన్ చేతిలో ఓటమి. ఒలింపిక్స్‌లోగాని ప్రపంచ పోటీల్లోగాని పతకం లేదు. 2001 ఆల్ ఇంగ్లండ్ తర్వాత అంతటి విజయం మళ్లీ రాలేదు.

"పైగా శిష్యుల పతకాలన్నీ ఈయన ఆటలో కలిపేస్తున్నారక్కా!" అన్నాడు తమ్ముడు. ఇదీ నిజమే. గచ్చిబౌలిలో అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టిన సంగతీ, 2012 లండన్‌లో సైనా కాంస్యం, 2016 రియోలో సింధు రజతం తెచ్చిన సంగతీ తలుచుకోగానే మన మనసు మెత్తబడుతుంది. శీతల పానీయాల ప్రకటన కాదన్నాడని తెలిస్తే గౌరవం ఇంకా పెరుగుతుంది. కానీ గురువు ఖాతా వేరు, ఆటగాడి ఖాతా వేరు. పాలవాడి పద్దులో కిరాణా బాకీ రాసుకుంటామా?

"మరి మోకాలో?" అంది పిల్ల ఉక్రోషంగా.

ఆ మోకాలి కథ 1994లో పుణే జాతీయ క్రీడల్లో మొదలైంది. డబుల్స్ ఆడుతుండగా మోకాలి మధ్యనుండే బంధనం తెగింది. కాలి ఎముక ముందుకు జారిపోకుండా పట్టి ఉంచేది అదే. షటిల్‌లో ప్రతి రెండో దెబ్బకీ ఒంటికాలి మీద ముందుకు దూకాలి, ఠక్కున ఆగాలి, వెనక్కి రావాలి. ఆ భారమంతా ఆ చిన్న పీచు మీదే! అప్పటికి గోపీచంద్‌కి ఇరవై ఏళ్లు. ఆపరేషన్లు జరిగాయి. ఇక ఆట అయిపోయిందనే అనుకున్నారు చాలామంది.

"ఆ దెబ్బే తగలకపోతే ఎన్ని గెలిచేవాడో!" అని నిట్టూర్చింది పిల్ల.

ఇక్కడ మాత్రం నేను దాని పక్షం కాదు. 'అయితే గియితే'ల మీద చరిత్ర రాయకూడదు. అలా రాస్తే ఎనిమిదేళ్లు వరసగా జాతీయ చాంపియన్‌గా ఉండి, 1988లో లక్నోలో హత్యకు గురైన సయ్యద్ మోదీకి ఎన్ని కిరీటాలు పెట్టాలి? జరగని ఆటకి పాయింట్లు వెయ్యలేం. జరిగిన ఆటకి వెయ్యకుండా ఉండనూలేం.

ఆ జరిగిన ఆట సంగతి వినండి. బర్మింగ్‌హామ్‌లో 2001 మార్చిలో సెమీఫైనల్. అవతల అప్పటి ప్రపంచ నంబర్ వన్, డెన్మార్క్ వీరుడు పీటర్ గేడ్. ఆ రోజుల్లో గేముకి పదిహేను పాయింట్లు, సర్వీసు చేసినవాడికే పాయింటు. ఇద్దరూ పద్నాలుగు దగ్గర సమమైతే ఆట పదిహేడు దాకా పొడిగించేవారు. గోపీచంద్ గెలిచిన స్కోరు 17-14, 17-15. అంటే రెండు గేములూ పద్నాలుగు దగ్గర సమమయ్యాయన్నమాట! ఊపిరాడని ఆ చివరి క్షణాల్లో రెండుసార్లూ తట్టుకు నిలబడింది, ఒకప్పుడు తెగి కుట్లు పడిన మోకాలు. మార్చి 11న ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించాడు. దీన్ని అదృష్టమంటే నేనొప్పుకోను.

ఆ తర్వాత 2015లో సైనా, 2022లో లక్ష్య సేన్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ దాకా వెళ్లి వచ్చారు. 2025 దాకా చూసినా ఆ కప్పు మన దేశానికి మళ్లీ రాలేదు.

ఇంకో చిత్రం. నేనప్పుడు డిగ్రీ విద్యార్థిని. హాస్టల్లో ఆ సోమవారం పేపరు కోసం పెనుగులాడుకున్నాం. మూడు రోజులు తిరక్కుండా ఊరంతా గోపీచంద్‌ని పక్కనపెట్టేసింది! సరిగ్గా మార్చి 11నే మొదలైన కలకత్తా టెస్టులో లక్ష్మణ్, 14వ తేదీ రోజంతా ద్రావిడ్‌తో కలిసి అవుట్ కాకుండా ఆడాడు. ఆ 281 పరుగుల హోరులో షటిల్ ఎవరికి గుర్తుంటుంది? జాలితో ఆకాశానికెత్తారంటాడు మా తమ్ముడు. ఎత్తడానికి మనకి తీరికేదీ?

అందుకని నా తీర్పు ఇదీ: ప్రకాశ్ ముందు పీటన, గోపీచంద్ ఆ వెనక పీటన. వెనక పీట ఇచ్చింది జాలిపడి కాదు. అది ఆయన ఆడి సంపాదించుకున్నదే.

తమ్ముడు తగ్గలేదు. "పగులున్న కడ్డీని మేం గేటు దాటనివ్వం అక్కా" అన్నాడు, ఉక్కు ఫ్యాక్టరీ మనిషి కదా!

వంటింట్లోంచి మా మరదలు గరిటెతో సహా ఇవతలికి వచ్చింది. "నా మోకాళ్లు పదేళ్ల నుంచీ నొప్పులే. నన్ను మాత్రం రోజుకి మూడుపూటలా గేటు దాటిస్తూనే ఉన్నారుగా!" అంది.

ఇక నవ్వక చస్తామా! తమ్ముడు కూడా నవ్వేశాడు.

నవ్వులయ్యాక పిల్లని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "గోపీచంద్ నీ తరఫు సాక్షి అనుకుంటున్నావు కదూ? తారీఖులు చూడు. దెబ్బ తగిలింది 1994లో, మొదటి జాతీయ టైటిలు 1996లో, ఆల్ ఇంగ్లండ్ 2001లో. మధ్యలో ఏడేళ్లున్నాయి. వచ్చే వారం పోటీకి ఆయన సాక్ష్యం చెప్పడమ్మా" అన్నాను. దాని మొహం చిన్నబోయింది. తండ్రి మొహం వెలిగింది. "నువ్వు మురిసిపోకు. ఆట మానెయ్యమని కూడా ఆయన చెప్పలేదు" అన్నాను వాడితో.

చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. సాయంత్రం నేను బయల్దేరేటప్పుడు వాడు కూతుర్ని అడుగుతున్నాడు:

"డాక్టరుగారు చెప్పిన వ్యాయామం రోజుకెన్నిసార్లు చెయ్యాలే?"

"మూడుసార్లు నాన్నా."

"సరే. పొద్దుటిది నా ముందు చెయ్యి. నేను లెక్కపెడతాను."