ఎండోమెట్రియోసిస్

ఎండోమెట్రియోసిస్ స్త్రీలకు వచ్చే ఒక దీర్ఘకాలిక వ్యాధి. గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల, అనగా అండాశయాలు, ఉదరకుహరపు పొర, పేగులు, మూత్రాశయం మొదలైన చోట్ల పెరగడమే ఈ వ్యాధి లక్షణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పునరుత్పత్తి వయస్సులో ఉన్నవారిలో సుమారు 10 శాతం మందికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఇది ఉంది. బహిష్టు రోజులలో తీవ్రమైన నొప్పి, పొత్తికడుపులో నిరంతర బాధ, మలమూత్ర విసర్జనలో నొప్పి, సంతానలేమి దీని ప్రధాన చిహ్నాలు. ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు.

వ్యాధి పుట్టుక

1927లో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, రుతుస్రావంలో కొంత భాగం ఫాలోపియన్ నాళాల గుండా వెనుకకు ప్రవహించి ఉదరకుహరంలో చేరుతుంది. అందులోని సజీవ కణాలు అక్కడే అతుక్కొని పెరుగుతాయి. అయితే ఇటువంటి వెనుక ప్రవాహం చాలామంది స్త్రీలలో జరుగుతున్నా, వ్యాధి కొందరికే వస్తుంది. కనుక కణాలు అక్కడికి చేరడం ఒక్కటే కారణం కాదు. అవి అక్కడ ఎలా బతికి నిలుస్తున్నాయన్నది అసలు ప్రశ్న.

హార్మోన్ల పాత్ర

ఆరోగ్యకరమైన రుతుచక్రంలో ఈస్ట్రోజెన్ గర్భాశయపు లోపొరను పెంచుతుంది. ప్రొజెస్టిరాన్ ఆ పెరుగుదలను అదుపు చేస్తుంది. ఎండోమెట్రియోసిస్‌లో ఈ సమతుల్యం దెబ్బతింటుంది.

* సొంత ఈస్ట్రోజెన్ తయారీ: ఆండ్రోజెన్లను ఈస్ట్రోజెన్‌గా మార్చే అరోమటేజ్ అనే ఎంజైము మామూలు లోపొరలో దాదాపు కనిపించదు. వ్యాధి కణజాలంలో అది చురుకుగా పనిచేస్తుంది. అందువలన ఆ కణజాలం అండాశయాలపై పూర్తిగా ఆధారపడక, తనకు కావలసిన ఈస్ట్రోజెన్‌ను కొంతవరకు తానే తయారు చేసుకుంటుంది.
* ప్రొజెస్టిరాన్ నిరోధకత: ఈ కణాలలో ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు తగ్గిపోతాయి. శక్తిమంతమైన ఎస్ట్రాడయోల్‌ను బలహీనమైన ఎస్ట్రోన్‌గా మార్చవలసిన ఎంజైము కూడా కొరవడుతుంది.
* గ్రాహకాల మార్పు: ఈస్ట్రోజెన్ బీటా గ్రాహకం అధికమవుతుంది. దాని జన్యువుపై ఉండవలసిన మిథైల్ గుర్తులు తగ్గడం ఇందుకొక కారణం.

కణస్థాయి ప్రక్రియలు

ఈస్ట్రోజెన్ వలన కాక్స్-2 ఎంజైము ప్రేరేపితమై ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తయారవుతుంది. ఈ ప్రోస్టాగ్లాండిన్ తిరిగి అరోమటేజ్‌ను ఉత్తేజపరుస్తుంది. దానితో మరింత ఈస్ట్రోజెన్ పుడుతుంది. ఇలా ఒకదానినొకటి పోషించుకొనే విషవలయం ఏర్పడుతుంది.

రోగనిరోధక వ్యవస్థ సైతం తన పని సరిగా చేయలేకపోతుంది. దారితప్పిన కణాలను నిర్మూలించవలసిన సహజ హంతక కణాల శక్తి సన్నగిల్లుతుంది. అక్కడికి చేరిన భక్షక కణాలు వాపును పెంచే సైటోకైన్లను విడుదల చేస్తాయి. వీఈజీఎఫ్ అనే ప్రోటీను కొత్త రక్తనాళాలను మొలిపిస్తుంది. నాడీ వృద్ధి కారకం నొప్పిని తెలిపే నాడీతంతువులను పెంచుతుంది. ఈ మార్పులన్నీ శరీరంలో నిజంగా జరుగుతున్నవే కనుక రోగి చెప్పే నొప్పి ఊహ కాదు, సోమరితనానికి సాకూ కాదు.

తెలుగునాట పరిశోధన

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త ఎస్. శివాజీ, మంజుల భానూరి, వంధ్యత్వ నిపుణురాలు మమతా దీనదయాళ్ తదితరులు దక్షిణ భారత స్త్రీలపై జరిపిన అధ్యయనం 2005లో "హ్యూమన్ రిప్రొడక్షన్" పత్రికలో వెలువడింది. వీఈజీఎఫ్ జన్యువులోని ఒక మార్పుకూ ఈ వ్యాధి ముప్పుకూ సంబంధమున్నదని అందులో తేలింది. పైన చెప్పిన రక్తనాళాల పెరుగుదలకు ఇది జన్యుపరమైన సూచన.

నిర్ధారణ, చికిత్స

అల్ట్రాసౌండ్, ఎమ్మారై పరీక్షలతో అండాశయపు "చాక్లెట్ తిత్తులు", లోతైన గాయాలు తెలుస్తాయి. చిన్న గాయాలు వీటికి అందకపోవచ్చు. అవసరమైతే లాపరోస్కోపీ చేస్తారు. నొప్పి నివారిణులు ప్రోస్టాగ్లాండిన్లను, గర్భనిరోధక మాత్రలు, డైనోజెస్ట్ వంటి ప్రొజెస్టిన్లు హార్మోన్లను అదుపు చేస్తాయి. అంటే ప్రతి మందూ పై విషవలయంలో ఏదో ఒక కొక్కెమును తెంచుతుంది. శస్త్రచికిత్సతో గాయాలను తొలగించవచ్చు గాని వ్యాధి తిరిగి రావచ్చు. శాశ్వత నివారణ ఇంకా లేదు.

అపోహలు

కృష్ణా డెల్టా పశ్చిమ భాగంలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలోనూ, ఇతర తెలుగు ప్రాంతాలలోనూ బహిష్టు నొప్పితో బాధపడే ఆడపిల్లకు "పెళ్ళయితే తగ్గుతుంది", "ఒక కాన్పు అయితే సర్దుకుంటుంది" అని పెద్దలు చెప్పడం పరిపాటి. గర్భధారణలో కొందరికి తాత్కాలిక ఉపశమనం కలిగినా, అది చికిత్స కాదు. పైగా ఈ వ్యాధే సంతానలేమికి కారణం కావచ్చు. ఇటువంటి మాటల వలన అమూల్యమైన కాలం గడచిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం లక్షణాలు మొదలైన తరువాత నిర్ధారణకు సగటున 4 నుండి 12 ఏళ్ళు పడుతున్నది.

నొప్పి కారణంగా నెలనెలా బడి లేక కళాశాల మానవలసి వస్తే, మామూలు మాత్రలకు లొంగకపోతే, స్త్రీవ్యాధి నిపుణులను సంప్రదించాలి. ఈ మూడు పట్టణాల వారికి స్థానిక ఆసుపత్రులే కాక గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి కూడా అందుబాటులో ఉంది. నొప్పి ఏ రోజున మొదలై ఎన్నాళ్ళుంటున్నదో రెండు మూడు నెలలు వ్రాసిపెట్టుకొని చూపిస్తే వైద్యులకు రోగనిర్ధారణ సులువవుతుంది.

ఇవి కూడా చూడండి

* రుతుచక్రం
* ఈస్ట్రోజెన్
* గర్భాశయం
* వంధ్యత్వం