చిలుక చెప్పిన కథల లెక్క

ఎంత చెప్పినా వినని వాణ్ణి చూసి "చిలక్కి చెప్పినట్టు చెప్పాను గదా!" అని విసుక్కుంటాం. మా పక్కింటి మరాఠీవాళ్ళు "పోపట్ ఝాలా" అంటే ఎవరో నలుగురిలో నవ్వులపాలయ్యారని అర్థం. బిలోలి 1956 నవంబరు 1 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, ఆ రోజున నాందేడు జిల్లాతోపాటు బొంబాయి రాష్ట్రంలో కలిసింది. మా జొన్నచేల మీద వాలే చిలుకలకు ఆ సంగతి తెలియదు. రెండు భాషలూ వాటిని వెక్కిరించాయి, రెండు భాషలూ వాటిచేత కథలు చెప్పించాయి.

సంస్కృత శుకసప్తతిలో మదనుడనే వర్తకుడు దేశాంతరం వెళ్తాడు. భార్య ప్రభావతి పరపురుషుడి కోసం బయలుదేరుతుంది. ఇంట్లోని గోరువంక అడ్డుపడి నీతులు చెప్పింది. మెడ నులమబోతే ఎగిరిపోయింది. చిలుక మాత్రం వద్దనలేదు. "వెళ్ళమ్మా. అయితే ఫలానా ఆమెలా చిక్కులో పడితే తప్పించుకునే ఉపాయం తెలుసా?" అని కథ మొదలుపెట్టింది. ఉపాయమేమిటో తెలుసుకోవాలని ప్రభావతి ఆగిపోయింది. అలా డెబ్బై రాత్రులు.

లెక్కలవాణ్ణి కనుక నా కన్ను ముందు అంకెల మీద పడింది. సంస్కృతంలో 70. మరాఠీలో దాని పేరే శుకబాహత్తరి, అంటే 72. జియాఉద్దీన్ నఖ్షబీ 1330లో పారసీలో రాసిన తూతీనామాలో రాత్రులు 52. మా బ్యాంకులో ఇంత తేడా వస్తే ఆ పూట ఎవర్నీ ఇంటికి పోనివ్వరు.

తెలుగులో ఈ కథలను 17వ శతాబ్దంలో పాలవేకరి కదిరీపతి కావ్యంగా రాశాడు. అందులో ఆనాటి ఇళ్ళు, తిండి, కట్టుబొట్టు కళ్ళకు కట్టినట్టుంటాయి. సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949)కు దాన్ని బాగా వాడుకున్నారు. శాసనాల్లో దొరకని సంగతులు చిలుక నోట దొరికాయన్నమాట!

ఆ శతాబ్దంలోనే, 1639లో, గోల్కొండ కవి గవ్వాసీ తూతీనామాను దక్కనీలోకి తెచ్చాడు. అదే గోల్కొండలో తర్వాత తానీషా కాలాన కంచెర్ల గోపన్న చెరలో పడ్డాడు. పూర్వజన్మలో చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో ఉంచినందుకే రామదాసుకు పన్నెండేళ్ళ చెర అని మన పెద్దలు చెప్పుకున్నారు. చిలుకను పంజరంలో పెంచడం నేరమని ఇవాళ 1972 నాటి వన్యప్రాణి చట్టం అంటోంది. మనవాళ్ళు ఆ శిక్ష ఎప్పుడో ఖరారు చేశారు.

కథల సంఖ్య కన్నా నన్ను ఎక్కువగా వేధించింది ముగింపులోని తేడా. సంస్కృతంలో మగడు తిరిగొచ్చాక చిలుక జరిగింది చెప్పి, ఆమె తప్పేమీ లేదని వేడుకుంటుంది, అతను క్షమిస్తాడు. నఖ్షబీ కథలో చిలుక అంతా చెప్పేస్తుంది. మగడు భార్యను చంపుతాడు. అన్ని రాత్రులు కాపాడిన నోరే చివరికి ప్రాణం తీసింది. ఇది నాకు మింగుడుపడలేదు. ఆపిన మిత్రుడు ఆ తర్వాత నోరు విప్పాలా, వద్దా?

నాకూ ఒక చిలుక దొరికింది. 1998లో ఒక శాఖలో పై అధికారి అందరి ముందూ నానా మాటలన్నాడు. రాజీనామా రాసి రిజిస్టరు పోస్టుకు బయలుదేరాను. నాకన్న పెద్దవాడైన మరాఠీ క్యాషియరు వద్దనలేదు. "పంపండి సాహెబ్. ముందు టీ తాగుదాం" అన్నాడు. రాజీనామా ఇచ్చిన గుమాస్తా ఒకడు మర్నాడు పదింటికి అలవాటుగా అదే ఆఫీసుకు వచ్చి, తన కుర్చీలో ఎవరో కూర్చున్నారని పోట్లాడాడట! ఆ కథ, దాని తోక పట్టుకుని ఇంకోటి, నాలుగు టీలు. పోస్టాఫీసు మూసేశారు. మర్నాడు మరో కథ. మూడోనాడు నేనే కాగితం చింపేశాను. పాతికేళ్ళు దాటినా ఆ మాట మా ఇంట్లోవాళ్ళకు కూడా చేరలేదు. నేనే ఇప్పుడు రాస్తున్నాను.

రిటైరై దెగ్లూరులో ఉంటున్న ఆయనకు నిరుడు ఈ శుకసప్తతి సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అంటే ఇన్నేళ్ళకు నన్ను పోపట్ చేశారన్నమాట" అని నవ్వి, లోపలికి టీ కోసం కేకేశాడు.