ప్రారంభ పట్టికలో మిగిలిపోయిన పేరు

విజయవాడ నుండి మచిలీపట్నము పోవు దారిలో ఉయ్యూరు ఉన్నది. అక్కడి బస్సుస్టాండులోని టైము బోర్డు మీద ఒక బస్సు పేరు ఉన్నదనియు, ఆ బస్సు రద్దయి ఏడాది గడచినను ఆ పేరును ఎవరును చెరుపలేదనియు అనుకొనవచ్చును. ఊరికి క్రొత్తయైన ప్రయాణికుడు బోర్డు చూచి గంటసేపు కాచుకొని కూర్చుండును. బస్సు మాత్రము రాదు. బస్సు ఆగినంతమాత్రమున బోర్డు మీది పేరు చెరిగిపోదు. పేరు చెరిపినంతమాత్రమున బస్సు ఆగిపోదు. బోర్డు వేరు, బస్సు వేరు.

కంప్యూటరు విషయమునను ఇట్లే జరుగుచుండును. ఒక ఉన్నత పాఠశాలలోని కంప్యూటరులో విండోస్‌తో పాటు లినక్సు కూడ ఉంచవచ్చును. సి-డాక్ సంస్థ తయారుచేసి 2007లో విడుదల చేసిన ‘బాస్’ అనునది అట్టి లినక్సే. తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో పనిచేయుటకు అది ఉద్దేశింపబడినది. ఇట్లు రెండు ఆపరేటింగ్ సిస్టములున్న యంత్రమును ఆన్ చేయగానే, ఏది కావలెనో ఎన్నుకొనుమని రెండు పేర్ల పట్టిక కనిపించును. కొన్నాళ్ళకు ఒకదానిని తీసివేసిరి, పేరు మిగిలిపోయినది. ఒక విద్యార్థి దానినే ఎన్నుకొనెను. నల్లని తెరమీద ఏదో ఇంగ్లీషు వాక్యము వచ్చి యంత్రము నిలిచిపోయెను. యంత్రము తనవలననే చెడినదని ఆ పిల్లవాడు భయపడును. నిజమునకు చెడినది యంత్రము కాదు, పట్టిక.

ఆ అక్కరలేని పద్దును కొట్టివేయుట ఒక యంత్రములో ఒక పంక్తి చెరిపినంత సులభము. మరియొక యంత్రములో ఏమరుపాటున చేసినచో యంత్రమే మేల్కొనకుండపోవును. ఈ భేదమునకు కారణము పట్టిక ఎక్కడ వ్రాయబడినది అనునదియే. ఆ చోటు కాలక్రమమున పలుమార్లు మారినది.

పట్టిక లేని రోజులు

కంప్యూటరు ఏ పని చేయవలెనన్నను ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రామును లోపలికి చదువుకొనుటకును ఒక ప్రోగ్రామే కావలెను. విత్తు ముందా, చెట్టు ముందా అను ప్రశ్న వంటిది ఇది. తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకి లేపుకొనుటతో పోల్చి, ఈ పనికి పాశ్చాత్యులు ‘బూట్‌స్ట్రాప్’ అని పేరు పెట్టిరి. నేడు ‘బూట్’ అనుచున్నది దాని సంక్షిప్త రూపమే.

1952లో ప్రకటింపబడిన ఐబీఎం 701 యంత్రమునకు ‘లోడ్’ అను మీట ఉండెడిది. దానిని నొక్కినచో యంత్రము కొద్దిపాటి ఆదేశములను చదువుకొనును. ఆ ఆదేశములు తక్కిన ప్రోగ్రామును తెచ్చుకొనును. 1967లో హైదరాబాదున స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 కంప్యూటరును వెలువరించెను. ఆ తరపు చిన్న కంప్యూటర్లు అనేకములలో, ముందువైపున్న స్విచ్చులను పైకిని క్రిందికిని వేసి మొదటి ఆదేశములను చేతితోనే ఎక్కించెడివారు. తరువాత చిల్లుల కాగితపు టేపు నుండి మిగిలినది లోపలికి పోయెడిది.

ఏ టేపు పెట్టినచో ఆ ప్రోగ్రామే నడచును. అక్కరలేనిచో టేపు తీసి బీరువాలో పెట్టిన చాలును. పేరును వస్తువును ఒకటిగానే ఉండెను కనుక, అక్కరలేని పద్దు అను సమస్యయే పుట్టలేదు.

512 బైట్ల చోటు

1981లో ఐబీఎం పీసీ వచ్చినది. 1983లో హార్డ్ డిస్కు గల పీసీ-ఎక్స్‌టీ నమూనాయు, దానితో డాస్ 2.0యు వచ్చినవి. అప్పటినుండి హార్డ్ డిస్కు మొట్టమొదటి భాగమగు 512 బైట్లకు ప్రత్యేక ప్రాముఖ్యము కలిగెను. అందు చివరి 2 బైట్లు ముద్ర వంటివి. వానికి ముందు 64 బైట్లలో, ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున, డిస్కులోని నాలుగు విభాగముల హద్దులు వ్రాసియుండును. మిగిలిన 446 బైట్లలోనే యంత్రమును లేపు ప్రోగ్రాము ఇమిడియుండవలెను. నేటి యూనికోడు తెలుగులో ఒక్కొక్క గుర్తుకు సాధారణముగా 3 బైట్లు పట్టును. ఆ లెక్కన అందు 150 గుర్తులు కూడ పట్టవు.

ఒకే డిస్కులో నాలుగు విభాగములు ఏర్పడుటతో రెండు మూడు ఆపరేటింగ్ సిస్టములు ఇరుగుపొరుగున కాపురముండుటకు వీలు కలిగెను. ఏది కావలెనని అడుగు పట్టిక అవసరమయ్యెను. అంత ఇరుకు చోట పట్టిక పట్టదు కనుక, మొదటి తునకను అక్కడ ఉంచి తక్కినది డిస్కులో మరొకచోట ఉంచు పద్ధతి వచ్చినది. 1993 నాటి విండోస్ ఎన్‌టీ తన పట్టికను ‘బూట్.ఐఎన్ఐ’ అను సామాన్యమైన ఫైలులో వ్రాసికొనెను. అందులో అక్కరలేని పంక్తిని చెరిపిన పేరు పోవును. లినక్సునకు 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ వ్రాసిన ‘లిలో’ ఉండెను. పట్టికలో మార్పు చేసిన ప్రతిసారి దానిని మరల నడపినగాని ఆ మార్పు అమలు కాదు. 1995లో ఎరిక్ బోలిన్ ఆరంభించిన ‘గ్రబ్’ ఫైళ్ళను తానే చదువగలిగినందున ఈ ఇబ్బంది తొలగెను.

కాని ఇచ్చటనే ఒక ప్రమాదమున్నది. లినక్సు అక్కరలేదని విండోస్‌లో కూర్చుండి దాని విభాగమును తుడిచివేసిన వారు ఎందరో కలరు. గ్రబ్ మొదటి తునక డిస్కు మొదట ఉన్నది. తక్కిన దేహము తుడిచివేసిన విభాగములో ఉన్నది. మరునాడు ఆన్ చేయగా తునక తన దేహమును వెదకికొని, కానరాక, దోష వాక్యము చూపి ఆగిపోవును. విండోస్ ఫైళ్ళన్నియు చెక్కుచెదరక ఉన్నను అచ్చటికి పోవు దారి లేదు. రద్దయిన బస్సు పేరు చెరుపబోయి బస్సుస్టాండు గేటుకే తాళము వేసినట్లు! ముందుగా విండోస్ తన ప్రారంభ ప్రోగ్రామును తిరిగి నిలుపుకొనవలెను. అది సరిగా లేచుచున్నదని చూచుకొనవలెను. అటుపిమ్మటనే విభాగమును తుడువవలెను.

చోటు మారిన చిట్టా

2007లో అందరికిని అందుబాటులోనికి వచ్చిన విండోస్ విస్టా బూట్.ఐఎన్ఐ ఫైలును విడిచి, ‘బీసీడీ’ అను క్రొత్త చిట్టాను చేపట్టెను. ఇది చేతితో చదివి దిద్దగల ఫైలు కాదు. ‘బీసీడీఎడిట్’ అను ఆదేశముతోనో, ‘ఎంఎస్‌కాన్ఫిగ్’లోని బూట్ పుట నుండియో దానిని మార్చవలెను. ఇచ్చట పద్దు కొట్టివేసినచో పేరే పోవును. ఆ సిస్టము ఫైళ్ళు డిస్కులో అట్లే ఉండును. గ్రబ్ రెండవ తరములో పట్టికను మనుష్యుడు వ్రాయడు. డిస్కులన్నియు వెదకి ఒక ప్రోగ్రామే వ్రాయును. చేతితో చెరిపిన పేరు తరువాతి నవీకరణలో మరల ప్రత్యక్షమగును. 2021 నాటి 2.06 రూపములో ఇతర సిస్టములను వెదకు పని తనంతట తాను జరుగకుండ నిలిపివేసిరి.

ఇంటెల్ సంస్థ 1990ల చివర ఆరంభించిన పద్ధతి 2005లో ఏర్పడిన సంఘము చేతిలో ‘యూఈఎఫ్ఐ’గా రూపొందెను. ఇందు పట్టిక డిస్కును విడిచి మదర్‌బోర్డులోని చెరగని మెమొరీలోనికి పోయినది. అందుచేత డిస్కునే మార్చినను పాత పేరు కనిపించవచ్చును. మదర్‌బోర్డులోని పద్దును చెరిపినను డిస్కులోని ప్రారంభ ఫైలు మిగిలియుండును. కొన్ని యంత్రములు దానిని చూచి పేరును మరల వ్రాసికొనును.

ఈ చోటు ఎంత సున్నితమైనదో 2016లో వెల్లడియైనది. లినక్సులో ఈ మెమొరీలోని పద్దులు ఫైళ్ళవలె కనిపించును. సమస్తమును తుడిచివేయు ఆదేశము ఇచ్చినపుడు ఆ పద్దులును తుడిచిపెట్టుకొనిపోయి, కొన్ని లాప్‌టాపులు ఆన్ చేసినను లేవలేదు. డిస్కు మార్చినను లాభము లేకపోయెను. ఆ ఏడాదియే అట్టి ఫైళ్ళను సులభముగా చెరుపుటకు వీలులేకుండ లినక్సు కెర్నెలులో రక్షణ ఏర్పరచిరి.

కావున పట్టికలో అక్కరలేని పేరు కనిపించినపుడు పాఠశాలలో మొదట వేసికొనవలసిన ప్రశ్న ‘ఎట్లు తీయుట?’ అనునది కాదు. ‘ఈ పేరు ఏ చిట్టాలో ఉన్నది?’ అనునది. రెండవది: ఆ పేరుగల సిస్టము ఇంకను ఉన్నదా, అందులో ఎవరి పాఠములైన, ప్రాజెక్టులైన మిగిలినవా? మూడవది: అవసరమైన ఫైళ్ళకు నకలు తీసిరా? ఈ మూడింటికిని జవాబు దొరకినపిదప పద్దు కొట్టివేయుట నిమిషము పని. బోర్డు చెరుపువాడు ముందు బస్సు సంగతి కనుగొనవలెను గదా!